‘తిరుగుట’ నుండి ‘మారుమనస్సు’ వరకు: హీబ్రూ ప్రవక్తల పశ్చాత్తాప భావన – తెలుగు అనువాద పదజాలం

వ్యాససంగ్రహం: హీబ్రూ ప్రవక్తల గ్రంథాలలో పశ్చాత్తాపాన్ని తెలిపే ప్రధాన క్రియ ‘షూవ్’. అది నడకకు సంబంధించిన మాట. తెలుగు అనువాదకులు దానికి తరచుగా ‘తిరుగు’ అనే దేశ్యపదాన్ని ఎంచుకొన్నప్పటికీ, తెలుగు క్రైస్తవ వ్యాఖ్యానం ఆ క్రియను ‘మారుమనస్సు’గా, ‘పశ్చాత్తాపం’గా చదువుతూ వచ్చింది. ఈ చదువులో జారిపోయిన అర్థాంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: షూవ్, తిరుగు, మారుమనస్సు, యిర్మీయా, యెహెజ్కేలు, యోనా, అనువాద విమర్శ.

ఒక క్రియాపదం, రెండు దారులు

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా ఆత్రేయపురం మండలంలో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న వాడపల్లి వేంకటేశ్వరాలయానికి ప్రతి శనివారం వేలాది భక్తులు వస్తారు. వరుసగా ఏడు శనివారాలు వచ్చి, వచ్చిన ప్రతిసారీ గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేయడం అక్కడి మొక్కు. ఈ ఆచారాన్ని జనం ‘గుడి చుట్టూ తిరగడం’ అనే అంటారు. భక్తిని కాళ్లతో చెప్పే ఈ నుడికారం తెలుగు చెవికి కొత్త కాదు. ప్రవక్తల గ్రంథాలను తెలుగు చేసినవారు ‘షూవ్’ అనే క్రియకు ‘తిరుగు’ అని వ్రాసినప్పుడు, తెలిసో తెలియకో ఈ దేహభాషనే ఆశ్రయించారు. అయితే దిశలో భేదం ఉంది. ప్రదక్షిణలో నడక ఒక కేంద్రాన్ని విడువదు. ప్రవక్తలు చెప్పే నడక కేంద్రాన్ని విడిచి దూరంగా వెళ్లిపోయినవాడిది. అతడు నిలిచి, వెనుదిరిగి, వచ్చిన దారినే నడవాలి.

‘షూవ్’ హీబ్రూ బైబిలులో వెయ్యికి పైగా సార్లు కనిపిస్తుంది. వాటిలో అధికభాగం కేవలం లౌకిక ప్రయోగాలు: ఇంటికి మరలడం, యుద్ధం నుండి రావడం వంటివి. ఈ ధాతువుపై విలియం హాలడే 1958లో ప్రచురించిన అధ్యయనం ఒడంబడిక సందర్భంలో దాని ప్రయోగాలను వివరంగా పరిశీలించింది. యిర్మీయా 3వ అధ్యాయంలో ప్రవక్త ఈ ధాతువుతో ఆడుకొంటాడు. మరలి రమ్మనే పిలుపు ‘షూవ్’ నుండే. వారు చేసిన ద్రోహానికి పేరైన ‘మెషువా’ కూడా అదే ధాతువు నుండే. విడిచి తిరిగినవారిని మరల తిరగమంటున్నాడన్నమాట.

ఈ శ్లేషకు తెలుగులో దాదాపు సిద్ధంగా ఉన్న జంట ఉంది: ‘తిరుగుట’, ‘తిరుగుబాటు’. ఇంత దగ్గరి సామ్యం చాలా భాషలకు దొరకదు. కాని వ్యాప్తిలో ఉన్న బైబిల్ సొసైటీ అనువాదం ఇక్కడ ‘ద్రోహి’, ‘భ్రష్టులు’ వంటి సంస్కృత పదాల వైపు వెళ్లింది. అర్థానికి లోటు రాలేదు. ధ్వని మాత్రం పోయింది. దానితోపాటు, పాపమూ దాని విరుగుడూ ఒకే కదలికకు చెందిన రెండు దిశలనే ప్రవక్త భావన కూడా మసకబారింది.

‘మనస్సు’ ఎక్కడి నుండి వచ్చింది?

యెహెజ్కేలు 18:30లోనూ, యిర్మీయా 31:18లోనూ హీబ్రూ మూలంలో ఉన్నది ‘షూవ్’ రూపాలే. ఆ క్రియతో హృదయాన్ని, మనస్సును తెలిపే పదం జత కాలేదు. తెలుగు అనువాదం ఈ రెండు చోట్లా ‘మనస్సు’ను చేర్చి, ‘త్రిప్పుట’ అనే క్రియకు దానిని కర్మగా నిలిపింది. ఇది తప్పిదమనడం కఠినమవుతుంది. వాక్యం సులభంగా బోధపడాలనే ఉద్దేశం అందులో కనబడుతుంది. అయినా ఫలితం చిన్నది కాదు. మూలంలో మనిషి మొత్తంగా తిరుగుతాడు. అనువాదంలో అతని అంతరంగం మాత్రమే తిరుగుతుంది.

కొత్త నిబంధనలోని గ్రీకు ‘మెటనోయా’కు తెలుగులో స్థిరపడిన సమాసం ‘మారుమనస్సు’. ఆ పదాన్నే ప్రవక్తల మీదికి తీసుకెళ్లడం ప్రసంగాలలో, వ్యాఖ్యానాలలో అలవాటైంది. ఇక్కడ గమనార్హమైన విషయం ఒకటుంది. క్రీస్తుపూర్వపు గ్రీకు అనువాదకులు ‘షూవ్’కు సాధారణంగా ‘మరలుట’ అనే అర్థమున్న ‘ఎపిస్త్రెఫో’ను వాడారు, ‘మెటనోయా’కు సంబంధించిన క్రియను ప్రధానంగా ‘నహమ్’ అనే మరో ధాతువుకు కేటాయించారు. ‘నహమ్’ అంటే మనసు కరగడం, తలచిన పనిని మానుకోవడం. ప్రవక్తల గ్రంథాలలో దీనికి కర్త తరచుగా దేవుడే. అందుకే తెలుగు యోనా గ్రంథంలో నీనెవె ప్రజలు తమ చెడునడత మానుకొంటారు, పశ్చాత్తాపం దేవునికి కలుగుతుంది. ఈ వింత చదువరులను ఇబ్బంది పెట్టేదే. కాని మూలంలోని శ్రమవిభజన అదే.

యిర్మీయా 31:19 మరింత సూక్ష్మమైనది. అక్కడ ఎఫ్రాయిము తాను తిరిగిన ‘తరువాత’ నొచ్చుకొన్నానంటాడు. ‘పశ్చాత్’ అంటేనే తరువాత. మనం సాధారణంగా ఊహించే క్రమం – ముందు దుఃఖం, ఆపై మార్పు – ఇక్కడ తలకిందులైంది. నడక మొదలైన తరువాతే తాపం.

డేవిడ్ లాంబర్ట్ 2016లో ప్రచురించిన గ్రంథంలో, అంతరంగ పరివర్తనగా పశ్చాత్తాపమనే భావన బైబిలు మీదికి తరువాతి కాలం నుండి చదవబడిందని వాదించాడు. ‘తెషువా’ అనే నామవాచకం ప్రవక్తల గ్రంథాలలో ఈ సాంకేతికార్థంలో లేకపోవడం, రబ్బీల సాహిత్యంలోనే అది స్థిరపడడం ఆయన వాదానికి బలమిస్తాయి. అయితే ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరించడం కష్టం. వస్త్రాలకు బదులు హృదయాన్ని చింపుకొమ్మన్న యోవేలు, హృదయానికి సున్నతి కోరిన యిర్మీయా అంతరంగం ఎరుగనివారు కారు. వారికి అంతరంగం ఉంది. అది నడత నుండి విడిపడి నిలవదు.

తాకట్టు వస్తువు

ఈ చర్చ పదాలకే పరిమితమైతే దాని విలువ స్వల్పం. యెహెజ్కేలు 33:15లో దుష్టుడు బ్రతకడానికి చేయవలసినవాటిలో మొదటిది తాకట్టు వస్తువును తిరిగి ఇవ్వడం, తరువాతది దోచుకొన్నదానిని చెల్లించడం. ‘తిరిగి ఇచ్చుట’కు అక్కడున్న క్రియ ‘షూవ్’ యొక్క ప్రేరణార్థక రూపమే. తెలుగులోనూ ‘తిరుగు’, ‘తిరిగి ఇచ్చు’ ఒకే కుదురు. దేవునివైపు తిరగడం, పేదవాని వస్తువు తిరిగి ఇవ్వడం – ఈ రెండింటినీ ఒకే క్రియ మోస్తున్నప్పుడు, రెండవదానిని వదిలి మొదటిదానిని పట్టుకోవడం సాధ్యం కాదు. ‘మారుమనస్సు’ అనే సమాసంలో తాకట్టు వస్తువుకు చోటు లేదు.

రబ్బీలు దీనిని బాగా పట్టుకొన్నారు. నీనెవె విషయంలో దేవుడు చూచినది వారి గోనెపట్టను, ఉపవాసాన్ని కాదనీ, వారి క్రియలననీ మిష్నా ఉపవాసదిన బోధలో ఎత్తిచూపుతుంది. దొంగిలించిన దూలంతో భవనం కట్టినవాడు భవనాన్ని కూల్చి దూలాన్ని తిరిగి ఇవ్వాలన్న అభిప్రాయాన్ని తల్ముదు అదే సందర్భంలో నమోదు చేసింది.

గోదావరి డెల్టాలో ఈ విషయానికి ప్రత్యేకమైన బరువుంది. 1836లో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్‌లు వసిష్ఠ గోదావరికి ఆవలనున్న నరసాపురం కేంద్రంగా ఆరంభించిన ప్రచారం వ్యక్తి రక్షణను, వ్యక్తి పశ్చాత్తాపాన్ని కేంద్రంగా నిలిపిన సంప్రదాయానికి చెందినది. దాన్ని స్వీకరించినవారిలో ఎక్కువమంది దళితులు. పేదలను చెప్పుల జతకు అమ్మివేసినవారిని నిలదీసిన ఆమోసు, స్నానం చేసి శుద్ధులు కండని చెప్పిన వెంటనే తండ్రిలేనివారికి న్యాయం తీర్చమన్న యెషయా – వీరి పిలుపు బలవంతులను ఉద్దేశించినది. అదే పిలుపు ‘మారుమనస్సు’గా మారి భూమిలేనివాని చెవిన పడినప్పుడు, తిరిగి ఇవ్వవలసినవాడు తప్పుకొని, తిరిగి పొందవలసినవాడే బోనులో నిలుస్తాడు. తెలుగు బైబిలు విమర్శ ఈ తారుమారును ఇంకా తగినంతగా పరిశీలించవలసి ఉంది.

నూతన హృదయం, దున్నిన నేల

యెహెజ్కేలు 18:31 నూతన హృదయాన్ని ప్రజలే సంపాదించుకోవాలంటుంది. 36:26 దానిని దేవుడు అనుగ్రహిస్తానంటుంది. ఈ వైరుధ్యాన్ని తుడిచివేసే వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి. బబులోను చెరలో, క్రీ.పూ. 586లో యెరూషలేము కూలడానికి ముందూ వెనుకా మాట్లాడిన ప్రవక్త నోట రెండూ రావడం అసహజం కాదు. తిరగగల శక్తి ఉందని నమ్మిన దశ ఒకటి, అది కూడా అడుగంటిన దశ మరొకటి.

36వ అధ్యాయంలో హృదయం మాట వచ్చిన కొద్ది వచనాలకే ధాన్యం, చెట్ల పండ్లు, కరవు లేకపోవడం ప్రస్తావనకు వస్తాయి. పాడైన నేల మళ్లీ సేద్యానికి వస్తుంది. యోవేలులోనూ మిడతలు తిన్న సంవత్సరాలకు బదులు కళ్లాలు ధాన్యంతో నిండుతాయి. ఆధ్యాత్మిక నవీకరణను గురించి వ్రాసే తెలుగు వ్యాసాలు సాధారణంగా 26, 27 వచనాల దగ్గర ఆగుతాయి. 34వ వచనంలోని నాగలి వాటిలో కనబడదు.