ఒకే ఆబ్జెక్టు ఫైలు

శ్రీవిల్లిపుత్తూరను పేరు వినినంతనే తెలుగువాని మనస్సు ఆముక్తమాల్యదకు పోవును. రాయలవారు ఈ యూరి విష్ణుచిత్తుని కథలో ఖాండిక్య కేశిధ్వజుల సంవాదమును, యామునాచార్యుని చరిత్రమును, మాలదాసరి వృత్తాంతమును ఇమిడ్చియు, మొదటిదానిని పాండ్యుని కొలువులో విష్ణుచిత్తునిచేతను, రెండవదానిని లక్ష్మీదేవికి విష్ణువుచేతను చెప్పించి, ఏ కథను ఆ కథగానే విడిగా నిలిపినారు. ఈ ప్రాంతపు తెలుగిండ్ల నుండి ఇంజనీరింగు చదువునకు వచ్చు పిల్లలు, సి భాషలో పెక్కు ఫైళ్లను ఒకే ఆబ్జెక్టు ఫైలుగా చేయు మార్గమేదని అడిగినప్పుడెల్ల నాకు ముందుగా తోచునది ఆ కావ్యనిర్మాణమే.

జీసీసీ కంపైలరునకు పెక్కు సి ఫైళ్లనిచ్చి, లింకు చేయక ఒకే ఆబ్జెక్టు ఫైలు నిమ్మనిన అది నిరాకరించును. కావున పలువురు, ఫైళ్లన్నిటిని ఇన్‌క్లూడ్ చేయు పెద్ద ఫైలొకటి సృష్టించి దానినే కంపైల్ చేయుదురు. ఇందు ఫలము లేకపోలేదు: నూటికి మించిన ఫైళ్లను ఒక్కటిగా కూర్చి పంచిపెట్టు ఎస్‌క్యూలైట్ నిర్మాతలు, కంపైలరు సర్వమును ఒక్కసారి చూడగలుగుటచేత వేగము 5 నుండి 10 శాతము పెరుగునని చెప్పుదురు. అయితే స్టాటిక్ అని ప్రకటించి ఒక ఫైలునకే పరిమితము చేసికొన్న పేర్లకు ఆ పరిమితి అచ్చట చెల్లదు. ఒకే పేరుగల రెండు ఫంక్షన్లుండిన కంపైలరు దోషము చూపి ఆగును, అది మేలే. ఆదివిలువ ఇయ్యని రెండు స్టాటిక్ చరరాశులు ఒకే పేరుతో, ఒకే రకముతో ఉన్నచో మాత్రము, అది ఒక్క మాటయు పలుకక రెంటిని ఒక్కటిగా భావించును. అంతట ఏ ఫైలు లెక్క నా ఫైలు తనదే యనుకొనుచు రెండును ఒకదాని వ్రాతను మరియొకటి చెరుపుకొనుచుండును. ఇంతకంటె భయంకరమైన కూర్పును నేనెరుగను.

అందుచేత ఏ ఫైలునా ఫైలుగా కంపైల్ చేసి, పిదప ఎల్‌డీ లింకరుకు ఆర్ అను ఐచ్ఛికమిచ్చి ఆబ్జెక్టులను కలుపుమందును. అప్పుడు స్టాటిక్ పేర్లు వేటికవిగా నిలుచును. ఒక ఫైలు మారిన దానినొక్కదానినే మరల కంపైల్ చేసి కలిపిన చాలును. బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్‌ను రచించినది ఇట్టి శ్రమను తగ్గించుటకే గదా! వేగము కోరువారికి, 2010లో వెలువడిన జీసీసీ 4.5 లగాయతు, లింకు సమయపు ఆప్టిమైజేషన్ కలదు.

అయితే ఆబ్జెక్టులను విడివిడిగానే ఒక మూటలో నుంచు ఆర్కైవునకును ఇట్లు కలిపిన ఆబ్జెక్టునకును గల భేదమును మరువరాదు. ఆర్కైవు నుండి లింకరు తనకు కావలసిన ఆబ్జెక్టులనే ఏరుకొనును. కలిపిన ఆబ్జెక్టు నిచ్చితిమా, ఒక్క ఫంక్షను కొరకైనను సాధారణముగా మొత్తమంతయు ప్రోగ్రాములో చేరును. కనుక పదుగురకు పంచు లైబ్రరీకి ఆర్కైవే ఉచితము. భాగములన్నియు కలిసియే లోడు కావలసిన లైనక్స్ కెర్నల్ మాడ్యూలు వంటివానికి ఏకాబ్జెక్టమే తగును; కెర్నల్ నిర్మాణవ్యవస్థయు పెక్కు ఫైళ్ల మాడ్యూలును ఎల్‌డీకి ఈ ఐచ్ఛికమునే ఇచ్చి కూర్చుచున్నది.