ఎఫ్ 3: ఇంటిల్లిపాది నవ్వు

ఇంటిల్లిపాదియు కలసి చూడదగినదని పేరుపడిన చిత్రమును మిక్కిలి కఠినముగా పరీక్షింపవలెను. ఏలనన, పెద్దలు దేనిని చూచి నవ్వుదురో పిల్లలు దానినే నవ్వదగినదిగా నేర్చుకొందురు. అనిల్ రావిపూడిగారి "ఎఫ్ 3"ని మే మీ దృష్టితోనే విమర్శింపదలచితిమి.

2019 సంక్రాంతికి వచ్చిన "ఎఫ్ 2"లో వెంకటేశ్, వరుణ్ తేజ్ గార్లు తోడియల్లుండ్రుగా నటించిరి. స్త్రీలను గయ్యాళులుగా చూపిన లోప మందు లేకపోలేదు. అయినను నవ్వు భార్యాభర్తల పంతములనుండియే పుట్టినది. 2022 మే 27వ తేదీన విడుదలైన "ఎఫ్ 3"లో నటులును పాత్రల పేర్లును చాలవర కవియే. కథ మాత్రము వేరు. ధనాశయే ప్రధానము; తప్పిపోయిన ధనికపుత్రుడను నేనే యని పలువురు నటింతురు. నాయకులలో నొకనికి రేచీకటి, రెండవవానికి నత్తి. వానిని దాచుకొనుటకు వారు పడు పాట్లే హాస్యము.

విమర్శకులు రెండు పాయలుగా చీలిరి. వెంకటేశ్ గారి హాస్యనైపుణ్యమును కొందరు మెచ్చిరి. కథ పలుచనిదనియు, నవ్వు బలవంతపుదనియు కొందరు నిరసించిరి. నిర్మాత దిల్ రాజుగారు టిక్కెట్టు ధర పెంపక గృహస్థులకు చేసిన మేలు మెచ్చదగినదే. కాని టిక్కెట్టు చవుక యైనంత మాత్రమున నవ్వు చవుక గానక్కరలేదు.

ఒకే పాత్రలను మరల మరల చూపుట దోషము గాదు. ధర్మవరముచెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు ప్రసిద్ధము. ఆ కళాకారులలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. బొమ్మలాటలో రామకథ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తరతరములుగా వచ్చుచునే యున్నారు. వారి మాటలలో మోటుతనము గలదు. అయినను వారి స్వభావము మారదు. ఆ స్వభావమునుండియే నవ్వు పుట్టును. గనుకనే జనులు విసుగు చెందరు. "ఎఫ్ 3"లోనో, పేరు నిలిచి స్వభావము పోయినది. ఆ లోటు పూడ్చుటకై శరీరలోపమును తెచ్చి యతికించిరి.

ఈ యతుకు నిరపాయకరము గాదు. పిల్లలలో రేచీకటి తరచుగా విటమిన్ ఏ లోపమువలన గలుగును. పాలు, ఆకుకూరలు, గ్రుడ్లు చాలినంత దొరకని బీదయింటి వ్యాధి యది. కరవు లెరిగిన మన హిందూపురము, పెనుకొండ ప్రాంతములవారికి దానిని వేరుగ చెప్పనక్కరలేదు. ఇక నత్తిగల బాలుని దుఃఖము బడిలో తోటివారు వాని మాట ననుకరించినప్పుడే హెచ్చును. చిత్రము చూచివచ్చిన పిల్లలు మరునాడు బడిలో దేని ననుకరింతురో తల్లిదండ్రు లాలోచింపవలదా?

ఈ వరుసలో మరియొక చిత్రము తీయదలచినచో, దర్శకులు మరల ఇంటిలోనికే తొంగిచూతురుగాక. అత్తాకోడండ్ర మౌనము, అన్నదమ్ముల లెక్కలు, అప్పుచేసి చేయు పెండ్లి, ఇవి యున్నంతకాలము హాస్యమునకు కొరత యుండదు. లోపముగలవాడును మనతో కూర్చుండి నవ్వగలిగినప్పుడే దానిని కుటుంబచిత్ర మనవచ్చును.