నెట్టు కింద నేల

వాలీబాల్ కోర్టంటే రెండు స్తంభాలు, ఒక నెట్టు, నాలుగు ముగ్గు గీతలే కదా అనుకుంటే మార్కాపురం, గిద్దలూరు వైపు పల్లెల్లో మట్టి కోర్టు వేసేవాళ్ల పనితనం కంటికి ఆనదు. ఎగిరి దిగినవాడి మడమ కోర్టులో ఏ మూల ఆనినా నేల ఒకేలా పట్టుకుంటోందంటే, పొద్దున వాన పడినా సాయంత్రానికి ఆట మొదలవుతోందంటే, ఆ నేలను ఎవరో లెక్కగా కట్టారని అర్థం. సిమెంటు కోర్టు గురించి కాంట్రాక్టర్లు చెబుతారు, సింథటిక్ కోర్టు గురించి కంపెనీలు చెబుతాయి. మట్టి కోర్టు గురించి చెప్పేవారు తక్కువ. నాకు మాత్రం ఈ మూడింటిలో ఎక్కువ నేర్పు కోరేది మట్టి కోర్టే అనిపిస్తుంది.

కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. గీత దాటి పరుగెత్తి బంతి లేపడానికి చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి. అంటే 24 మీటర్లకు 15 మీటర్లు, మన లెక్కలో దాదాపు తొమ్మిది సెంట్ల నేల. బడి వెనకో, ఊరి చివర పోరంబోకులోనో అంత జాగా దొరకడం కష్టం కాదు. దాన్ని ఏ దిక్కుకు తిప్పి వేయాలన్నదే మొదటి ప్రశ్న. పల్లెల్లో ఆట సాగేది పొద్దునా సాయంత్రమూ కాబట్టి కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. సంక్రాంతి పోటీల రోజుల్లో ఇక్కడ సూర్యుడు నేరు పడమరకు 20 డిగ్రీలకు పైగా దక్షిణంగా దిగుతాడు, మే నెలాఖరుకు దాదాపు అంతే ఉత్తరంగా జరుగుతాడు. ఏడాది పొడవునా అటూ ఇటూ ఊగే ఆ ఎండ ఏ జట్టు కళ్లలోనూ నేరుగా కొట్టకుండా ఉండేది ఈ ఒక్క అమరికలోనే.

ఇక ముగ్గు పోయడం. ఇంటి పునాదికి మూల సరిచూసే మూడు, నాలుగు, అయిదు లెక్క ప్రతి మేస్త్రికీ తెలుసు. వాలీబాల్ కోర్టు ఆ లెక్కకు పుట్టినట్టే ఉంటుంది. వెనక గీత 9 మీటర్లు పరిచి రెండు కొసలా మేకులు కొడతారు. ఒక మేకు నుంచి పక్క గీత వెంట 12 మీటర్లు కొలుస్తారు. అక్కడి నుంచి రెండో మేకుకు సరిగ్గా 15 మీటర్లు వస్తే మూల కుదిరినట్టు. రాకపోతే "ఇంకాస్త లోపలికి జరుపు అబ్బాయ్" అంటూ పక్క గీత తాడును వేలెడంత వేలెడంత జరిపిస్తారు. చివర్లో ఎదురు మూలల మధ్య దూరం రెండు వైపులా కొలుస్తారు. రెండూ 20 మీటర్ల 12 సెంటీమీటర్ల దగ్గర కలవాలి. నైలాన్ తాడు లాగితే సాగుతుంది కనుక కొలతకు ఇనుప టేపే వాడతారు, పురికొస గీతకు మాత్రమే. 5 సెంటీమీటర్ల గీత కోర్టు కొలతలోదే కాబట్టి పురికొస గీత వెలుపలి అంచున ఉంటుంది, ముగ్గు లోపలి వైపు పడుతుంది. ఇది తెలియక బయట పోసిన కోర్టు అన్ని వైపులా అయిదేసి సెంటీమీటర్లు పెరిగిపోతుంది.

అసలు పనితనమంతా వాలులో ఉంది. ఈ వైపు వానలు తక్కువే, కానీ పడితే ఒక్కసారిగా పడతాయి. ఒక్క సెంటీమీటరు వాన కురిసినా ఈ తొమ్మిది సెంట్ల మీద 3,600 లీటర్ల నీళ్లు నిలుస్తాయి. ఆరుబయట కోర్టుకు మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు ఇవ్వడానికి అంతర్జాతీయ నిబంధన ఒప్పుకుంటుంది. ఎటు ఇవ్వాలన్నది మాత్రం చేసేవాడి ఆలోచన. ఒక పక్క గీత నుంచి ఇంకో పక్క గీతకు వాలిస్తే 9 మీటర్లకు నాలుగున్నర సెంటీమీటర్లు దిగిపోతుంది. మధ్యలో ఎత్తు పెట్టి రెండు పక్కలకూ వాలిస్తే పక్క గీతల దగ్గర నేల రెండుంబావు సెంటీమీటర్లు దిగుతుంది. నెట్టు ఎత్తు మధ్యలో మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24 మీటర్లు. రెండు పక్క గీతల మీదా ఆ ఎత్తు సమానంగా ఉండాలి, మధ్య ఎత్తు కంటే 2 సెంటీమీటర్లకు మించి పెరగకూడదు. ఈ రెండు వాలుల్లో ఏది ఎంచుకున్నా, మట్టంగా కట్టిన నెట్టుకు ఆ హద్దు దాటిపోతుంది. అందుకే నేర్పున్నవాళ్లు నెట్టు గీతను శిఖరంగా పెట్టి రెండు వెనక గీతల వైపూ వాలిస్తారు. నెట్టు కింద నేల ఈ కొస నుంచి ఆ కొసకు మట్టంగా ఉంటుంది, నీళ్లు ఇరువైపులకూ సమానంగా పంచుకుపోతాయి, రెండు జట్లకూ ఒకే నేల దక్కుతుంది. నీళ్లు నింపిన లెవెల్ పైపు పట్టుకుని నెట్టు గీత నుంచి 12 మీటర్ల అవతల గుర్తుకర్ర మీద 6 సెంటీమీటర్లు దించి గీత గీస్తారు. ఆ 6 సెంటీమీటర్లు ఆటగాడి కాలికి తెలియవు. నీటికి తెలుస్తాయి.

మట్టి ఎంపిక చేతి స్పర్శతో జరిగే పని. నల్లరేగడి ఎండకు బీటలిస్తుంది, తడికి ఉబ్బుతుంది, కోర్టుకు పనికిరాదు. వట్టి ఇసుక నేల కాలి కింద జారుతుంది. కావలసింది ఎర్ర గ్రావెల్, దాన్ని పట్టి ఉంచడానికి కాస్త చెరువు మట్టి. గట్టిపడ్డాక 10 సెంటీమీటర్ల మందం రావాలంటే వదులు మట్టి 45 ఘనపు మీటర్ల దాకా తోలాలి, వంద ఘనపుటడుగుల ట్రాక్టరు ట్రక్కులైతే పదహారు. తడి ఎంతుండాలో గుప్పిటే చెబుతుంది. పిడికెడు మట్టి పట్టి పిసికితే ముద్ద కట్టాలి, అరచేతికి తడి అంటకూడదు. ఆ ముద్దను ఛాతీ ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలుగా విరగాలి. పొడై చెదిరితే నీళ్లు చాలలేదు, చపాతీలా పరుచుకుంటే ఎక్కువయ్యాయి. ఈ తడి దగ్గరే మట్టి తన గరిష్ఠ సాంద్రతకు చేరుతుందని రోడ్లు వేసే ఇంజినీర్లు ప్రయోగశాలలో తేలుస్తారు.

పరిచిన మట్టిని ఒకేసారి తొక్కించరు. రెండు పొరలుగా, ఒక్కో పొర తడిపి, రోలరు నడిపి, రోలరు అందని స్తంభాల చుట్టూ దిమ్మిస వేస్తారు. మట్టిని నీళ్లతో, బరువుతో గట్టిపరిచే విద్య ఈ సీమకు కొత్త కాదు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు కట్ట కొన్ని వందల ఏళ్లుగా నీళ్లు ఆపుతోంది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల నిర్మాణంగా గుర్తింపు వచ్చింది. కోర్టు చిన్న పనే కానీ సూత్రం ఒకటే. పైగా ఇందులో ఖర్చయ్యేది ఎక్కువగా కూలీల శ్రమే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద చేపట్టదగిన పనుల్లో ఆటస్థలాలకు చోటు దొరకడం అందుకే సబబనిపించింది.

పై పొరకు మట్టిని జల్లించి వేస్తారు. మార్కాపురం వైపు ఇది తప్పించుకోలేని పని. పలకలతో ఆ ఊరికి పేరు తెచ్చిన రాయి గుణమే పొరలుగా చీలడం. చీలిన చెక్కుకు కత్తి అంచుంటుంది. ఒట్టి కాళ్లతో ఆడే పిల్లల కోసం పెద్దవాళ్లు కూర్చుని, జల్లెడ దాటిన చెక్కులను కూడా ఏరడం కోర్టు పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. ఇంత రాయి చేతికి అందుతుంటే గీతల చోట పలక బద్దీలు పాతేస్తే శాశ్వతంగా ఉంటాయి కదా అనిపించవచ్చు. కానీ ఆరుబయట కోర్టులో గట్టి వస్తువులతో గీతలు వేయడాన్ని నిబంధన ఒప్పుకోదు. ముగ్గు చెరిగిపోతుంది, మళ్లీ పోసుకోవాలి.

స్తంభాల ఎత్తు 2.55 మీటర్లు, పక్క గీతకు అర మీటరు నుంచి మీటరు లోపు దూరం. నెట్టు బిగించిన కొద్దీ రెండూ లోపలికి వంగాలని చూస్తాయి. బయటికి తీగలు లాగి మేకులకు కట్టడం నిషిద్ధం, పరుగెత్తేవాడి కాలికి అడ్డం. కాబట్టి బలమంతా పునాదిలోనే ఉండాలి. గుంత అడుగున వెడల్పుగా తవ్వి, కాంక్రీటులో పెద్ద గొట్టం నిలిపి, అందులో స్తంభం దింపుతారు. కాంక్రీటు పై అంచును నేలకు కొన్ని వేళ్ల కింద ఆపి, పైన మట్టి కప్పుతారు. బంతి కోసం నేల మీద దొర్లే ఆటగాడి మోచేతికి సిమెంటు తగలకుండా ఆ జాగ్రత్త.

పక్కన కబడ్డీకి చోటిస్తే అక్కడ పద్ధతి మారుతుంది. మగవాళ్లకు 13 మీటర్లకు 10 మీటర్ల ఆ జాగాలో పట్టుబడి పడిపోవడం ఆటలో భాగం కనుక పై పొర గుల్లగా ఉండాలి. మంచి మేస్త్రి ఈ రెండు నేలలనూ కలిపేయడు.

వాలీబాల్ కోర్టు ముందుగా అరిగేది నెట్టుకు రెండు పక్కలా ఎగిరి దిగే చోట, సర్వీసు చేసేవాడు నిలబడే చోట. అందుకని కోర్టు వేసిన రోజే దానికి తోలిన మట్టే రెండు ట్రక్కులు పక్కన పోగేసి ఉంచుతారు. వానాకాలం వెళ్లాక గుంతలను కాస్త గీరి, తడిపి, ఆ మట్టితోనే పూడ్చి దిమ్మిస కొడతారు. వేరే మట్టి వేస్తే అతుకు నిలవదు, మొదటి ఎండకే పెచ్చులూడుతుంది.