శకుంతలాదేవి ఇంకో పుస్తకం

శకుంతలాదేవి అంటే మా ఇంజనీరింగ్ బ్యాచ్‌కి లెక్కలే. ఆవిడ పజిల్ పుస్తకాలు ఇప్పటికీ షాపుల్లో దొరుకుతాయి. 1977లో వికాస్ పబ్లిషింగ్ హౌస్ వేసిన ‘ద వరల్డ్ ఆఫ్ హోమోసెక్సువల్స్’ మాత్రం పాత పుస్తకాలు సేకరించేవాళ్ళు వెతుక్కునే సరుకైపోయింది. నేను చదివింది స్కాన్ కాపీ.

తాను గే కాదని, సైకాలజిస్టు కూడా కాదని ఆవిడ ముందే చెప్పేస్తారు. పుస్తకానికి అదే బలం, అదే బలహీనత. లోతైన విశ్లేషణ కావాలంటే నిరాశపడతాం. ఇంటర్వ్యూల దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. శ్రీరంగం వైష్ణవాలయ పూజారిని అడిగితే, వీళ్ళు పోయిన జన్మలో స్త్రీపురుషులుగా ప్రేమించుకుని ఉంటారు, దేహం మారినా ఆత్మ మారదు కదా అంటాడాయన. తనకి తెలిసిన భాషలోనే వాళ్ళకి చోటు వెతికాడు. సుప్రీంకోర్టు ఈ ప్రేమని నేరాల జాబితాలోంచి తీసేసింది 2018లో. ఈ మాటలు అచ్చయింది అంతకు 41 ఏళ్ళ ముందు!

‘అరుదైన పుస్తకం’ అనే మాటతోనే నా పేచీ. ఇది కాలం తినేసిన పుస్తకం కాదు. ఒకే రచయిత్రి లెక్కల్ని మళ్ళీ మళ్ళీ అచ్చేసుకుని, దీన్ని వదిలేశాం. 1990లో మొదలైన ‘బాంబే దోస్త్’ పాత సంచికలైనా అంతే, ఇంట్లో కనబడేలా పెట్టుకోగలిగినవాళ్ళు ఎందరుంటారు? సేకరించేవాళ్ళు వీటిని కాపాడారు, సంతోషం. కానీ బీరువాలో తాళం వేసిన పుస్తకం అవసరమైనవాడి చేతికి రాదు.

హాస్టల్లో ఒక రాత్రి నా రూమ్మేట్ తన సంగతి చెప్పబోతే, జోకేసి తప్పించుకున్నాను. ఆ గదిలో శకుంతలాదేవి పజిల్ పుస్తకం ఉండేది. ఇది కూడా ఉండుంటే?