నరికితే చిగురించే కంచె: ఇంగ్లండ్ పల్లెల శీతకాలపు విద్య

ఇంగ్లండ్ పల్లెసీమకు సెలవు గడపడానికి వెళ్లే నగరవాసికి అక్కడి పచ్చని పొలాలు, వాటిని గళ్లుగా విడదీసే పొదల వరుసలు ప్రకృతి తనంతట తాను దిద్దుకున్న దృశ్యంలా తోస్తాయి గాని, ఆ వరుసల్లో అధికభాగం మనుషులు నాటి, నరికి, వంచి, తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన జీవకంచెలే. ముదిరిన కంచెను కాండాలు నరికి, పక్కకు వాల్చి, తిరిగి చిగురింపజేసే పద్ధతికి 'హెడ్జ్‌లేయింగ్' అని పేరు. పల్లెను చూసి ఆనందించే దశ దాటి, పల్లెను అర్థం చేసుకోవాలనుకునే నగరవాసికి ఈ విద్యను మించిన ప్రవేశద్వారం అరుదు.

ఈ కంచెల్లో మధ్యయుగాల నాటివి కొన్ని ఉన్నప్పటికీ, మధ్య ఇంగ్లండ్‌లో గీత గీసినట్టు తిన్నగా సాగే వాటిలో చాలావరకు 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చేసిన 'ఎన్‌క్లోజర్' చట్టాల ఫలితం. ఊరందరికీ హక్కున్న పొలాలను, మేతబీళ్లను విడగొట్టి సొంత కమతాలుగా మార్చిన ఈ చట్టాల వల్ల సేద్యం మెరుగుపడిందని సమర్థకులు వాదించారు గాని, పశువులను మేపుకునే హక్కు, వంటచెరకు ఏరుకునే హక్కు పోగొట్టుకున్న పేదలకు కంచె వెలివేతకు గుర్తుగానే నిలిచింది. 1851 జనాభా లెక్కల నాటికే ఇంగ్లండ్, వేల్స్ ప్రజల్లో సగానికి పైగా పట్టణవాసులయ్యారు కనుక, నగరవాసికి పల్లె మీద ఉండే మక్కువ వెనుక ఈ ఎడబాటు చరిత్ర కూడా ఉందని గుర్తించాలి.

హాథార్న్, బ్లాక్‌థార్న్ అనే ముళ్లపొదలు, వాటి నడుమ హేజెల్, ఫీల్డ్ మేపుల్ వంటివి ఈ కంచెల్లో ప్రధానమైన మొక్కలు. వీటిని పట్టించుకోకుండా వదిలేస్తే చెట్లుగా పైకి సాగి, మొదళ్ల దగ్గర సందులు పడి, గొర్రెలు దూరిపోతాయి. అందువల్ల ఆకు రాలిన తరువాత, పక్షులు గూళ్లు కట్టడానికి ముందు, శీతకాలంలో పని చేపడతారు. ఎండుకొమ్మలను, అల్లుకున్న తీగలను తీసివేసి, ఒక్కొక్క కాండాన్ని నేలకు దగ్గరగా 'బిల్‌హుక్' అనే కొన వంగిన బరువైన కత్తితోగాని, గొడ్డలితోగాని ఏటవాలుగా నరుకుతారు. అయితే తెగనరకరు, బెరడు, దాన్ని అంటిపెట్టుకున్న పలుచని చెక్క మాత్రం మిగిలేలా నరికి, ఆ పట్టు మీదే కాండాన్ని పక్కకు వాలుస్తారు. ఇలా వాల్చిన కాండాన్ని 'ప్లీచర్' అంటారు. వేరు నుంచి నీరు, ఆకుల నుంచి ఆహారం ఆ పలుచని పట్టు గుండానే ప్రవహిస్తాయి కనుక, అది మరీ మందంగా ఉంటే కాండం వంగక చీలుతుంది, మరీ పలుచగా ఉంటే ఎండిపోతుంది. ఈ విద్యలోని నేర్పంతా ఆ కొలతలోనే ఉంది. మిగిలిన మోడును వాననీరు నిలవకుండా ఏటవాలుగా చెక్కితే, దాని మొదలు నుంచి వసంతంలో కొత్త చిగుళ్లు పుట్టి సందులను పూడుస్తాయి. వాల్చిన కాండాల నడుమ సుమారు మూరెడు దూరానికొకటిగా గుంజలు పాతి, పైన పొడవాటి హేజెల్ బెత్తాలను దడి అల్లినట్టు అల్లి బిగిస్తారు.

ప్రాంతాన్ని బట్టి, పశువును బట్టి ఈ పద్ధతి మారుతుంది. ఎడ్ల బరువుకు ఆగవలసిన మిడ్‌లాండ్స్ కంచెలో ముళ్లకొమ్మలను పశువుల వైపుకు మళ్లించి, రెండో వైపును నున్నగా ఉంచుతారు. డెవన్‌లో మట్టికట్ట మీద కాండాలను వాల్చి, కొక్కేల వంటి కొయ్యలతో అదిమి పెడతారు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత పెద్ద యంత్రాలకు చోటు కోసం కంచెలను విస్తారంగా పెకలించడంతో ఈ విద్య కూడా క్షీణించింది. దీన్ని నిలబెట్టడానికి 1978లో జాతీయ హెడ్జ్‌లేయింగ్ సంఘం ఏర్పడగా, 1997 నాటి నిబంధనలు ముఖ్యమైన పాత కంచెల తొలగింపును అదుపు చేశాయి. ఇలా కాపాడటానికి కారణం లేకపోలేదు: కంచె గాలిని నిలువరిస్తుంది, మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది, డోర్‌మౌస్ అనే చిన్న క్షీరదానికి దారిగానూ నివాసంగానూ ఉంటుంది. బ్రౌన్ హెయిర్‌స్ట్రీక్ సీతాకోకచిలుక ఎక్కువగా బ్లాక్‌థార్న్ కొమ్మల మీద గుడ్లు పెడుతుంది.

కంచెను చదవడం నేర్చుకున్న నగరవాసికి మామూలు కాలిబాట నడక కూడా విజ్ఞానయాత్ర అవుతుంది. ముప్పై గజాల నిడివిలో ఎన్ని రకాల చెట్లు, పొదలు ఉంటే ఆ కంచెకు సుమారు అన్ని శతాబ్దాల వయసని మాక్స్ హూపర్ అనే శాస్త్రవేత్త ఒక స్థూలమైన లెక్క చెప్పాడు. అది అన్నిచోట్లా సరిపోదు గాని, మొక్కలను గుర్తుపట్టే అలవాటును మాత్రం నేర్పుతుంది. ఇక కత్తి పట్టి రోజంతా శ్రమించినా కొద్ది గజాలే సాగే ఈ పని, పల్లె అందం వెనుక ఎంత కష్టం, ఎంత ఓపిక దాగి ఉన్నాయో చేతులకే తెలియజేస్తుంది. ఒక్కసారి శ్రద్ధగా వాల్చి, ఆ తరువాత కత్తిరిస్తూ వచ్చిన కంచె ఏళ్ల తరబడి పశువులను ఆపగలదు. పెకలించిన పాత కంచెను మాత్రం ఎంత డబ్బు పెట్టినా ఒక తరంలో తిరిగి తేలేరు. కనుక పల్లెను ప్రేమిస్తున్నామనే నగరవాసులు ముందుగా నిలబెట్టవలసింది ఈ పనివారి విద్యనే.