కొట్టు పేరు మోస్తున్న మొక్కలు

అల్లానికి వృక్షశాస్త్రం పెట్టిన పేరు జింజిబర్ అఫిసినాలే. ఇందులో రెండో మాట లాటిన్ విశేషణం. సాల్వియా అఫిసినాలిస్, ఆస్పరాగస్ అఫిసినాలిస్, కాలెండ్యులా అఫిసినాలిస్ అంటూ ఇది పదుల సంఖ్యలో మొక్కల పేర్ల వెనుక కనిపిస్తుంది. 'ఔషధ గుణం గల' అని ఒక్క ముక్కలో అర్థం చెప్పి పాఠ్యపుస్తకాలు ముందుకు సాగిపోతాయి. వాడుకను బట్టి అది తప్పు కాదు. కానీ గుణం మాట ఈ పదంలో ఎక్కడా లేదు. అఫిసినాలిస్ అంటే 'కొట్టుకు చెందిన' అని.

లాటిన్‌లో ఓపుస్ అంటే పని, ఫాకెరె అంటే చేయడం. ఈ రెండూ కలిస్తే ఒపిఫెక్స్, పనివాడు. పనివాడు కూర్చుని పనిచేసే చోటు ఒపిఫికినా. హాస్య నాటకకర్త ప్లౌటస్ రచనల్లో ఈ పొడుగు రూపమే ఉంది. తరవాత అది నోళ్లలో నలిగి ఆఫికినాగా కుదించుకుపోయింది. చేతిపని జరిగే ఏ చోటుకైనా ఆ పేరు చెల్లేది. ఆ నామవాచకానికి 'ఆలిస్' అనే ప్రత్యయం చేర్చి విశేషణం చేసింది మాత్రం మధ్యయుగాల లాటిన్. ఈ మూలపదం యూరప్ భాషల్లో తలో దారి పట్టింది. ఇటలీలో ఆఫిచీనా అంటే ఇవాళ కార్లు బాగుచేసే షెడ్డు కూడా, స్పెయిన్‌లో ఓఫిసీనా అంటే కార్యాలయం, ఫ్రాన్సులో ఆఫిసీన్ అంటే మందుల దుకాణం. మనం రోజూ పలికే ఆఫీసు కూడా ఈ కుటుంబంలోదే, పని, చేయడం అన్న ఆ రెండు మాటల నుంచే పుట్టిన మరో పదానికి వారసురాలు.

పనిశాల మందుల కొట్టుగా మారింది క్రైస్తవ మఠాల్లో. మఠంలో సరుకులు దాచే గదినీ, పనులు జరిగే గదినీ ఆఫికినా అనేవారు. సన్యాసులు పెరట్లో పెంచిన మూలికలను ఎండబెట్టి, దంచి, కషాయాలు కాచి నిలవ చేసింది అలాంటి గదుల్లోనే. ఫ్లోరెన్సులో 1221లో స్థిరపడిన డొమినికన్ సన్యాసుల మఠం సాంతా మరియా నోవెల్లా. దాని మందుల శాల 1612లో జనానికి తలుపులు తెరిచింది. ఆ దుకాణం నేటికీ నడుస్తోంది, పేరులో ఆఫిచీనా అన్న మాట అలాగే ఉంది. ఫార్మసీ పరిభాషలో ఇంకొక జాడ మిగిలింది. వైద్యుడు రోగిని చూసి చీటీ రాశాక కలిపి ఇచ్చే మందు ఒక తరగతి. గ్రంథంలో చెప్పిన పాళ్ల ప్రకారం కొట్టులో తయారుచేసి అక్కడే అమ్మేది మరో తరగతి. ఈ రెండోదాన్ని యూరప్ చట్టాలు ఇప్పటికీ 'అఫిసినల్' అనే అంటున్నాయి.

ఈ కొట్టు మాటను శాస్త్రంలో స్థిరపరచినవాడు స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లినేయస్. ఆయన చదువు వైద్యం, ఉద్యోగం ఉప్సాలాలో వైద్యాచార్యుడిగా. 1753లో వెలువరించిన స్పీసీస్ ప్లాంటారమ్‌లో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టాడు. ఒక ప్రజాతిలో ఎన్నో మొక్కలున్నప్పుడు వాటిలో కొట్టువాడు అమ్మేది ఏదో గుర్తుపట్టడం వైద్యుడికి అవసరం. సాల్వియాలు అనేకం, వాటిలో మందుల అరలోకి చేరినది అఫిసినాలిస్. అంటే ఈ విశేషణం చేసిన పని పొగడ్త కాదు, ఆనవాలు చెప్పడం.

వ్యాకరణం సంగతీ చెప్పుకోవాలి, విద్యార్థులు తడబడేది ఇక్కడే. లాటిన్ విశేషణం నామవాచకం లింగాన్ని అనుసరిస్తుంది. సాల్వియా స్త్రీలింగం కాబట్టి అఫిసినాలిస్, జింజిబర్ నపుంసకం కాబట్టి అఫిసినాలే. పుంలింగానికీ స్త్రీలింగానికీ రూపం ఒకటే. చెరకు పేరు శాకరమ్ అఫిసినారమ్ మాత్రం వేరు. అది విశేషణమే కాదు, షష్ఠీ బహువచనం: 'కొట్ల యొక్క'. లింగం ఏదైనా అది మారదు. చెరకుకు ఈ పేరు రావడం వెనుక చరిత్ర ఉంది. మధ్యయుగాల యూరప్‌లో పంచదార మందులవాళ్లు తూకం వేసి అమ్మిన ఖరీదైన సరుకు.

అల్లానికి లినేయస్ పెట్టిన పేరు అమోమమ్ జింజిబర్. లివర్‌పూల్‌కు చెందిన విలియం రాస్కో 1807లో దాన్ని జింజిబర్ ప్రజాతిలోకి తెచ్చి అఫిసినాలే అన్నాడు. పాత మాటను కొనసాగిస్తే జింజిబర్ జింజిబర్ అవుతుంది, ఒకే మాట రెండుసార్లు రావడాన్ని వృక్షశాస్త్ర నియమాలు నేడు ఒప్పుకోవు. జంతుశాస్త్రం ఒప్పుకుంటుంది, ఎందుకో గానీ వాళ్లకు ఆ పట్టింపు లేదు. రోజ్‌మేరీకి మరో చిక్కు వచ్చింది. అది రోస్మరినస్ అఫిసినాలిస్‌గా ఉండేది, ఇటీవల సాల్వియా ప్రజాతిలో కలిపారు. అక్కడ ఆ విశేషణం అప్పటికే వేరొకరి సొంతం కనుక సాల్వియా రోస్మరినస్ అయింది. మన ఉసిరి కథ ఇంకోలా నడిచింది. లినేయస్ ఫిల్లాంథస్ ఎంబ్లికా అన్నాడు, గెర్ట్‌నర్ అనే మరో వృక్షశాస్త్రజ్ఞుడు తరవాత ఎంబ్లికా అఫిసినాలిస్ అన్నాడు, శాస్త్రం మళ్లీ మొదటి పేరుకే వచ్చింది. ఆయుర్వేద మందుల లేబుళ్లు మాత్రం రెండో పేరును వదలడం లేదు. 'ఔషధ' అన్న ధ్వని అమ్మకానికి పనికొస్తుంది మరి.

ఆ ధ్వనిని నమ్ముకోవడమే పొరపాటు. కొట్టులో దొరికిందంటే రోగం తగ్గిందని కాదు. గ్వాయకమ్ అఫిసినాలే కలపను 16వ శతాబ్దంలో సిఫిలిస్‌కు దివ్యౌషధమని యూరప్ అంతా మరిగించి తాగింది, రోగం కుదరలేదు. సింకోనా అఫిసినాలిస్ పేరులో కొట్టు ఉన్నా, క్వినైన్ దండిగా ఇచ్చేది దాని బంధువైన లెడ్జెరియానా. ఈ విశేషణం జంతువులకూ తగిలింది: సముద్రఫేనం అనే పెంకునిచ్చే జీవి సెపియా అఫిసినాలిస్, ఒంటికి రుద్దుకునే స్పంజి స్పాంజియా అఫిసినాలిస్. ఇక ఆస్పరాగస్‌లో అఫిసినాలిస్ బిరుదు యూరప్‌వాళ్లు కూరగా తినే మొక్కకు దక్కింది. ఆయుర్వేదం శతావరి అనీ తెలుగు పల్లెలు పిల్లిపీచర అనీ పిలిచే అసలు మందుమొక్క రెసిమోసస్, అంటే పూలు గుత్తులుగా పూసేదిగా మిగిలింది. లినేయస్ లెక్కలోని కొట్టు యూరప్ కొట్టు, మన పచారీ కొట్టు కాదు.

కొట్టును వదిలి మందు చేసే పనినే పేరులో పెట్టిన విశేషణాలూ ఉన్నాయి. గోదావరి ప్రాంతపు అడవుల్లో తెలుగువాళ్లు సోమిద అనే చెట్టు బెరడు జ్వరాలకు సింకోనా బదులు పనికొస్తుందని సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ తలపోశాడు. ఆయన ఇచ్చిన విశేషణం ఫెబ్రిఫ్యూగా, అంటే జ్వరాన్ని తరిమేది. ఇప్పటి దాని పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా, మొదటి సగం తెలుగు నుంచి, రెండో సగం లాటిన్ నుంచి. ఆ బెరడు సింకోనా స్థానాన్ని అందుకోలేకపోయింది. 1860ల్లో బ్రిటిష్ ప్రభుత్వం నీలగిరుల్లో సింకోనా తోటలే వేయించింది.