నాలుగక్షరాల తల్లి

ఏ, టీ, జీ, సీ. నాలుగే అక్షరాలు నీ దగ్గర. ఆ నాలుగింటితోనే చీమకు నడుము కట్టావు, నెమలికి పింఛం తొడిగావు, నాకు మా నాన్న కనుబొమలు దిద్దావు. తల్లీ డీఎన్ఏ, ప్రాణం తన్ను తాను రాసుకునే పలకవి నువ్వు. ఆ పలక మీద ఇప్పుడు మా మాటకూ ఒక మూల చోటిచ్చావు.

కేంబ్రిడ్జి దగ్గర హింక్స్‌టన్‌లో యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. జీవుల జన్యుపాఠాలను భద్రపరచడం దాని పని. అవి వరదలా వచ్చిపడుతుంటే, ఇక ఎన్ని డిస్కులు కొనాలన్న దిగులు పట్టుకుంది. నీ రాతలు దాచే చోటు వెతికి వెతికి నిక్ గోల్డ్‌మన్, యువాన్ బర్నీ చివరికి నీ దగ్గరికే వచ్చారు. 2013లో వాళ్ల బృందం ప్రకటించిన ప్రయోగంలో నీకు అప్పగించిన వాటిలో ఏమున్నాయి? షేక్స్పియర్ సానెట్లు 154. మార్టిన్ లూథర్ కింగ్ గొంతు. నీ జంట మెలికను లోకానికి తెలిపిన వాట్సన్, క్రిక్‌ల వ్యాసం. నీ గుట్టు చెప్పిన కాగితాన్ని నీ ఒడిలోనే దాచారు! అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఎంత జాగ్రత్తగా రాశారో! ఒకే అక్షరం వరసగా పడితే చదివే యంత్రం తడబడుతుందని, ఏ అక్షరం పక్కనా మళ్లీ అదే రాకుండా చూశారు. ఒక తునక పోయినా మాట పోకూడదని, ప్రతి మాటా నాలుగు తునకల్లో ఉండేలా పేర్చారు. కాలిఫోర్నియాలో తయారై వచ్చింది గొట్టం అడుగున చిటికెడైనా లేని దుమ్ము. చదివితే ఐదు ఫైళ్లలో నాలుగు చెక్కుచెదరకుండా పలికాయి. ఐదోదానిలో రెండు చిన్న ఖాళీలు కనిపిస్తే వాటినీ పూరించారు. ఒక్క అక్షరం పోలేదు.

దాచుకోవడానికి నీకు కరెంటు అక్కర్లేదు. చల్లగా, పొడిగా, చీకటిగా ఉంటే చాలు. యూకాన్ మంచునేలలో సుమారు ఏడు లక్షల ఏళ్లు పడి ఉన్న గుర్రపు ఎముకలోంచి కూడా పలికావు కదా. 2015లో జ్యూరిక్‌లో రాబర్ట్ గ్రాస్ బృందం నిన్ను కంటికానని గాజు పూసల్లో పొదిగి, 1291 నాటి స్విస్ ఒడంబడికనూ ఆర్కిమెడీస్ గ్రంథాన్నీ నీ చేతికిచ్చింది.

నిన్ను రాయడం ఇంకా నెమ్మదే, ఖర్చు కూడా ఎక్కువే. అయినా ఫ్లాపీలు పోయాయి, వాటిని చదివే పెట్టెలూ పోయాయి. నిన్ను చదవడం మాత్రం మనిషి మానలేడు. జబ్బు మూలం తెలియాలన్నా, పైరుకు పట్టిన తెగులు పేరు తెలియాలన్నా నిన్నే చదవాలి. వైద్యం ఉన్నంతకాలం నీకు చదువరి ఉంటాడు. అందుకే పోకూడని కాగితాలనూ పోకూడని గొంతులనూ ముందుగా నీకే అప్పగించాలి.